గుండె దర్వాజా, సగం తల దర్ద్

తలలో ఒక పక్కనే పట్టి పీకే నొప్పికి ఏ జుబాన్‌లో చూసినా 'సగం' అనే పేరే పడింది. తెలుగులో పార్శ్వపు నొప్పి, ఒంటి తలనొప్పి అంటాం. సంస్కృత వైద్య గ్రంథాల్లో అది అర్ధావభేదకం. మా ఇళ్లలో అమ్మీలు, నానీలు ఆధాసీసీ అనేవాళ్లు. ఆధా అంటే సగం, సీసీ అంటే శీర్షం. గాలెన్ నాటి గ్రీకులో హెమిక్రేనియా, అంటే సగం కపాలం. ఆ మాటే లాటిన్ మీదుగా ఫ్రెంచిలోకి నడిచేసరికి తలా తోకా అరిగిపోయి మైగ్రేన్ అయింది. అరబ్బీ తబీబులు దాన్ని షఖీఖా అన్నారు. షఖ్ అంటే చీలిక. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ముణ్ని అరబ్బీలో షఖీఖ్ అంటారు. ఒకటే చీలి రెండయిందన్న భావం. నొప్పి కూడా తలను అలాగే రెండు చేస్తుంది. ఒక సగం ఊరుకుంటుంది, ఇంకో సగం ఉడికిపోతుంది.

బడిలో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు చదివినవాణ్ని కాబట్టి ఏ మాట కనపడినా దాని ఖాన్‌దాన్ వెతకడం నాకు అలవాటు. షఖీఖా వెంట పోతుంటే తల దగ్గర మొదలైన దారి గుండె దగ్గరకు చేరింది. కంటి ముందు వింత వెలుగులతో మొదలయ్యే ఒక రకం మైగ్రేన్‌కీ, ప్రతి నలుగురిలో ఒకరి గుండెలో పుట్టుక నాటి నుంచి మిగిలిపోయే చిన్న సందుకీ ఏదో రిష్తా ఉందని గత పాతికేళ్లుగా డాక్టర్లు చెబుతున్నారు. రిష్తా ఉందనడం ఒక మాట. ఆ సందు మూసేస్తే తలనొప్పి పోతుందనడం ఇంకో మాట. ఈ రెండు మాటల నడుమ ఎంత దూరం ఉందో, ఆ దూరాన్ని కొలవడానికి ఒక డాక్టరు ఏమేం భరించాల్సి వచ్చిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు పాత ఇలాజుల సంగతి. యూనానీ కితాబులు జబ్బుల్ని తల నుంచి పాదం దాకా వరసగా చెబుతాయి. అందుకే షఖీఖా ఎప్పుడూ మొదట్లోనే వస్తుంది. అల్ రాజీ రాసిన మహా గ్రంథం 'అల్ హావీ'ని మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది. దాని మొదటి జిల్ద్ తల జబ్బులదే. ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో కూడా షఖీఖాకు వేరే చోటుంది. కార్డోబా దగ్గర వైద్యం చేసిన జర్రాహ్ అల్ జహ్రావీ మరీ ముందుకెళ్లాడు. కాల్చిన ఇనుముతో వాత పెట్టమన్నాడు. కణత దగ్గర చర్మం కోసి లోపల వెల్లుల్లి రెబ్బ పెట్టే ఉపాయమూ చెప్పాడు. ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ నొప్పి పడేవాళ్లను దగ్గర్నుంచి చూసినవాళ్లకు నవ్వు రాదు. చీకటి గదిలో దుపట్టా తలకు బిగించి కట్టుకుని, వాంతి వస్తే ఒక తసలా పక్కన పెట్టుకుని పడుకునే మనిషి ఏ ఇలాజుకైనా సరే అంటుంది. షఖీఖా చరిత్రలో ఈ సంగతి ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. నొప్పి ఎంత పెద్దదో, ఉమీద్ అమ్మేవాడికి బజారు అంత పెద్దది.

మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి నొప్పి రాకముందే ఇషారా వస్తుంది. దాన్ని డాక్టర్లు ఆరా అంటారు. మనం తెలుగులో తీసే ఆరా వేరు. ఇది గ్రీకు మాట, చిరుగాలి అని అర్థం. చూపు మధ్యలో చిన్న మచ్చ పుడుతుంది. దాని అంచున వంకరటింకర మెరుపు గీతలు లేస్తాయి. అవి మెల్లమెల్లగా వెడల్పవుతూ చూపు అంచుదాకా పాకి మాయమవుతాయి. కొందరికి వేళ్ల దగ్గర మొదలైన తిమ్మిరి చేయి మీదుగా పెదవి దాకా ఎక్కుతుంది. కొందరికి నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోతుంది. అయిదు నిమిషాల నుంచి గంట దాకా ఈ తమాషా నడుస్తుంది. ఆ తర్వాత నొప్పి. ఒక్కోసారి నొప్పి రాకుండా ఆరా ఒక్కటే వచ్చి పోతుంది కూడా.

ఈ గీతల్ని బాగా గీసిపెట్టినవాడు హ్యూబర్ట్ ఎయిరీ అనే ఆంగ్ల వైద్యుడు. తండ్రి జార్జ్ ఎయిరీ బ్రిటన్ రాజ ఖగోళ శాస్త్రవేత్త. ఇద్దరికీ ఆరా వచ్చేది. 1870లో కొడుకు తన కంటికి కనపడిన ఆ వెలుగుల్ని నిమిషాల లెక్కన బొమ్మలుగా వేసి అచ్చువేశాడు. ఖిల్లా బురుజుల నక్షాలా ఉన్నాయని పోలిక చెప్పాడు. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన సొంత ఆరానే కొలిచాడు. మెదడు వెనక భాగం మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్కతేల్చాడు. మూడేళ్లకు, 1944లో, బ్రెజిల్ నుంచి హార్వర్డ్‌కు వచ్చిన అరిస్టిడెస్ లియావ్ కుందేలు మెదడు మీద సరిగ్గా అలాంటి అలనే చూశాడు. దాని నడక కూడా దాదాపు అంతే. ముందు కణాలు ఒక్కసారి భగ్గుమంటాయి, వెంటనే చల్లారి నిశ్శబ్దమైపోతాయి. ఆ నిశ్శబ్దం పక్కకు పాకుతూ పోతుంది. 2001లో నౌషీన్ హాజీఖానీ బృందం ఆరా వచ్చిన మనిషి మెదడును స్కాన్‌లో చూస్తే ఆ అల కళ్లెదుట కనపడింది. నిమిషానికి 3.5 మిల్లీమీటర్లు. లాష్లీ కళ్లు మూసుకుని వేసిన లెక్క అరవై ఏళ్లకు యంత్రం ముందు నిలబడింది.

అయితే ఆ అలను మొదట లేపేది ఏది? ఈ సవాల్ దగ్గరే కథ తల నుంచి గుండెకు దిగుతుంది.

తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు. ఆక్సిజన్ అంతా మాయ నుంచి తల్లి రక్తం ద్వారా వస్తుంది. కాబట్టి బిడ్డ రక్తం ఊపిరితిత్తుల దాకా పోయి రావాల్సిన పనిలేదు. అందుకని గుండె పై రెండు గదుల మధ్య గోడలో కుదరత్ ఒక అడ్డదారి ఉంచింది. డాక్టర్లు దాన్ని ఫొరామెన్ ఒవాలే అంటారు. కోడిగుడ్డు ఆకారపు రంధ్రం అని అర్థం. కుడి గది నుంచి ఎడమ గదికి మాత్రమే తెరుచుకునే దర్వాజా అది. బిడ్డ పుట్టి మొదటి కేక పెట్టగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, ఎడమ గదిలో ఒత్తిడి పెరుగుతుంది, పల్చటి తలుపు రెక్క గోడకు అతుక్కుంటుంది. చాలామందిలో కొన్నాళ్లకు అది పూర్తిగా పూడిపోతుంది. కొందరిలో మూసుకుంటుంది గానీ పూడదు. గొళ్లెం వేయని తలుపులా ఉండిపోతుంది. గట్టిగా దగ్గినప్పుడో, బరువు ఎత్తినప్పుడో కాస్త తెరుచుకుంటుంది. దీన్నే పీఎఫ్‌ఓ అంటారు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పోస్ట్‌మార్టంలో 965 మామూలు గుండెల్ని పరీక్షించి చూస్తే 27.3 శాతం గుండెల్లో ఆ దర్వాజా ఇంకా తెరుచుకునేలా ఉంది. వాళ్లు చనిపోయింది దీనివల్ల కాదు. చాలామందికి అది ఉందని బతికినన్నాళ్లూ తెలియనే తెలియదు. 'గుండెలో రంధ్రం' అన్న మాట వినగానే మన ఇళ్లలో ఏడుపు మొదలవుతుంది కాబట్టి ఈ లెక్క గట్టిగా చెబుతున్నాను. పెళ్లి దావత్‌లో ఒక టేబుల్ చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటే వాళ్లలో ఇద్దరికి ఉండే సంగతి ఇది.

గుండె గోడలో రంధ్రం గురించి తబీబుల తగాదా చాలా పాతది. రెండో శతాబ్దంలో గాలెన్ రెండు రంధ్రాల గురించి రాశాడు. గర్భంలోని బిడ్డకు పై గదుల మధ్య దారి ఉంటుందని, పుట్టాక పొర కప్పి మూసేస్తుందని చెప్పాడు. అది నిజం. పెద్దవాళ్లలో కింది రెండు గదుల మధ్య మందపాటి గోడలో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయని, వాటి గుండా రక్తం కుడి నుంచి ఎడమకు ఇంకుతుందని కూడా చెప్పాడు. అది అబద్ధం. కానీ గాలెన్ అన్నాడు కాబట్టి వెయ్యేళ్లు ఆ మాటే నడిచింది. ఇబ్నె సీనా అంతటివాడి కితాబ్‌లోనూ అదే ఉంది.

దమస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్నె నఫీస్, దాదాపు 1242లో, ఇబ్నె సీనా శరీర శాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ ఆ గోడ దగ్గర ఆగాడు. అప్పటికి అతని వయసు ముప్పై లోపే. ఆ గోడ గట్టిది, అందులో కనపడే దారీ లేదు, గాలెన్ అనుకున్న కనపడని దారీ లేదు అని తేల్చాడు. మరి రక్తం ఎడమ పక్కకు ఎలా చేరుతుంది? ఊపిరితిత్తుల మీదుగా పోయి, అక్కడ గాలితో కలిసి, తిరిగి గుండెకు వస్తుందని జవాబిచ్చాడు. విలియం హార్వే రక్తప్రసరణ మీద కితాబ్ అచ్చువేసింది 1628లో. ఇబ్నె నఫీస్ అంతకు నాలుగు వందల ఏళ్ల ముందువాడు. అతని పేజీలు మాత్రం పుస్తక భండారాల్లో పడి ఉన్నాయి. 1924లో జర్మనీలో చదువుకుంటున్న ఈజిప్టు డాక్టర్ ముహియుద్దీన్ అల్ తతావీ బెర్లిన్ గ్రంథాలయంలో ఆ చేతిరాత ప్రతిని చూసి దాని మీద థీసిస్ రాసేదాకా లోకానికి ఆ సంగతి పట్టలేదు. ఈ ముచ్చట నాకు ఇష్టం కావడానికి కారణం అతను మనవాడనే గర్వం ఒక్కటే కాదు. ఉస్తాద్ మీద ఎంత ఇజ్జత్ ఉన్నా, ఉస్తాద్ చెప్పిన రంధ్రం అక్కడ లేకపోతే లేదని రాశాడు. ముందు ముందు ఈ హిమ్మత్ మళ్లీ అవసరం పడుతుంది.

ఊపిరితిత్తుల దారి ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు చూద్దాం. శరీరంలోంచి తిరిగొచ్చే రక్తాన్ని అవి జల్లెడ పడతాయి. చిన్న చిన్న గడ్డలు అక్కడ చిక్కుకుని కరిగిపోతాయి. సెరటోనిన్ లాంటి రసాయనాలు కూడా అక్కడ చాలా మట్టుకు విరిగిపోతాయి. గుండెలో పాత దర్వాజా తెరుచుకుంటే కొంత రక్తం జల్లెడ తప్పించుకుని నేరుగా ఎడమ పక్కకు, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. 1877లో యూలియస్ కోన్‌హైమ్ అనే జర్మన్ పరిశోధకుడు ఫాలిజ్‌తో చనిపోయిన ఒక స్త్రీ గుండెలో ఈ రంధ్రం చూసి, సిరలో పుట్టిన గడ్డ మెదడు ధమనిలోకి ఈ దారినే పోయిందని వివరించాడు. ఫాలిజ్ అంటే పక్షవాతం. మైగ్రేన్ సంగతి అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.

మైగ్రేన్‌ని ఈ దర్వాజా దగ్గరకు తెచ్చింది గోతాఖోర్లు, సముద్రంలో లోతుకు మునిగేవాళ్లు. పైకి వచ్చేటప్పుడు వాళ్ల సిరల్లో నైట్రోజన్ బుడగలు పుడతాయి. మామూలుగా ఊపిరితిత్తులు వాటిని ఆపేస్తాయి. కొందరు మాత్రం నియమాలన్నీ పాటించినా పైకి రాగానే నరాల జబ్బుతో పడిపోయేవారు. ఇంగ్లండ్‌కు చెందిన గుండె డాక్టర్ పీటర్ విల్మ్స్‌హర్స్ట్ తాను కూడా గోతాఖోరే. 1986లో గుండె పై గదుల గోడలో రంధ్రం ఉన్న ఒక గోతాఖోర్ కేసును ఆయన బృందం అచ్చువేసింది. బుడగలు ఆ రంధ్రం గుండానే మెదడుకు పోయాయన్నది దాని సారం. 1989లో ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ వేర్వేరు బృందాలు ఇదే రిష్తాను గోతాఖోర్ల గుంపుల్లో చూపించాయి. అలాంటివాళ్లను పరీక్షిస్తూ పోతుంటే విల్మ్స్‌హర్స్ట్‌కు ఇంకో సంగతి పట్టుబడింది. పెద్ద దర్వాజా ఉన్నవాళ్లలో చాలామందికి ఆరాతో కూడిన మైగ్రేన్ ఉంది. కొందరికి మునిగి పైకి వచ్చాకే ఆరా వస్తోంది.

ఇటలీలో అదే కాలంలో నరాల డాక్టర్లు మరో వైపు నుంచి ఇక్కడికే వచ్చారు. చేతి సిరలోకి గిలకొట్టిన ఉప్పునీటి బుడగలు ఎక్కించి, తల పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి, అవి మెదడు రక్తనాళంలో చప్పుడు చేస్తాయేమో విన్నారు. 1998లో వచ్చిన లెక్క ఇది: ఆరా మైగ్రేన్ ఉన్నవాళ్లలో 41 శాతం మందికి బుడగలు దాటాయి, మామూలు వాళ్లలో 16 శాతం మందికి. మరుసటి ఏడు ఇంకో బృందం చూస్తే ఆరా ఉన్నవాళ్లలో 48 శాతం, ఆరా లేని మైగ్రేన్‌లో 23, మామూలు వాళ్లలో 20. అంటే రిష్తా మైగ్రేన్ మొత్తంతో కాదు, ఆరాతో. 2000లో విల్మ్స్‌హర్స్ట్ 'లాన్సెట్' పత్రికలో రాశాడు. వేరే కారణాల కోసం గుండె రంధ్రం మూయించుకున్నవాళ్లలో 21 మందికి మైగ్రేన్ ఉండేది. మూశాక 10 మందికి అది పూర్తిగా పోయింది, 8 మందికి తగ్గింది. 2010లో ఎలుకల మెదడుకు పోయే ధమనిలోకి అతి చిన్న గడ్డల్ని, బుడగల్ని వదిలి చూస్తే లియావ్ చూసిన అల లేచింది. జల్లెడ తప్పించుకున్న చెత్త అలను లేపగలదని దీనితో ఒక దారి కనపడింది.

ఇక్కడిదాకా చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మూసేస్తే సరి అనిపిస్తుంది. మూయడం కూడా ఇప్పుడు సులువే. తొడ దగ్గర సిరలోంచి సన్న గొట్టం గుండెదాకా పంపి, గోడకు రెండు వైపులా విచ్చుకునే చిన్న గొడుగుల్లాంటి పరికరంతో దర్వాజా బిగించేస్తారు. ఛాతీ కోయరు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు.

మా ఖాలా కూతురికి జరిగింది ఇదే. ఆమె టీచర్, వయసు నలభైకి దగ్గర. బోర్డు మీద అక్షరాలు రాస్తుంటే సగం అక్షరం కనపడకుండా పోతుందని చాలా ఏళ్లుగా చెప్పేది. ఒక దవాఖానాలో బుడగల పరీక్ష చేసి రంధ్రం ఉందన్నారు. మూసేస్తే తలనొప్పి పోతుందని కూడా అన్నారు. ఆ రాత్రి ఫోన్ చేసింది. "భాయ్‌జాన్, దిల్ మే సూరాఖ్ హై బోల్రే. బంద్ కరాలేనా క్యా?" అని అడిగింది. గొంతులో భయం ఎంత ఉందో, ఉమీద్ కూడా అంతే ఉంది. పిల్ల ఫీజు కోసం దాచిన పైసలు తీస్తానంది. నాకు డాక్టరీ రాదు. జర్నలిస్టుగా నాకొచ్చింది ఒక్కటే, ఎవరైనా దావా చేస్తే సబూత్ ఎక్కడుందని వెతకడం. వెతికితే ఇంగ్లండ్‌లో జరిగిన ఒక పరీక్ష దొరికింది.

దాని పేరు మిస్ట్. అమెరికాలోని బోస్టన్‌కు చెందిన ఎన్‌ఎంటీ మెడికల్ అనే కంపెనీ తన పరికరం కోసం పెట్టిన ఖర్చుతో జరిగింది. మందులతో తగ్గని ఆరా మైగ్రేన్ ఉన్నవాళ్లను 432 మందిని గుండె పరీక్ష చేస్తే 60 శాతం మందిలో రక్తం దాటే దారి ఉంది. పెద్ద దారి ఉన్నవాళ్లలోంచి 147 మందిని తీసుకుని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. 74 మందికి పరికరం పెట్టారు. 73 మందికి మత్తు ఇచ్చి, తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, లోపల ఏమీ చేయకుండా లేపారు. ఎవరు ఏ గుంపో రోగులకు తెలియదు. ఈ నఖ్లీ ఆపరేషన్ క్రూరంగా కనిపిస్తుంది గానీ, తలనొప్పి విషయంలో ఇది లేకుండా నిజం తేలదు. డాక్టరు ఏదో చేశాడన్న నమ్మకమే చాలామందికి నొప్పి తగ్గిస్తుంది. ఆరు నెలలయ్యాక లెక్క చూశారు. తలనొప్పి పూర్తిగా పోయినవాళ్లు పరికరం పెట్టిన గుంపులో ముగ్గురు. ఏమీ చేయని గుంపులోనూ ముగ్గురే.

ఈ పరీక్షలో గుండె వైపు పెద్ద బాధ్యత విల్మ్స్‌హర్స్ట్‌దే. రిష్తాను మొదట పట్టుకున్న మనిషి, మూస్తే తగ్గిందని లాన్సెట్‌లో రాసిన మనిషి. ఫలితం బాగా వస్తే అందరికంటే ఎక్కువ పేరు వచ్చేది ఆయనకే. కానీ కంపెనీ సిద్ధం చేసిన వ్యాసం మీద సంతకం పెట్టనన్నాడు. లెక్కలన్నీ తనకు చూపించలేదని, పరికరం పెట్టాక కూడా చాలామందిలో దర్వాజా సరిగా మూసుకోలేదని, ఆ సంగతి వ్యాసంలో ఉన్నదున్నట్టు లేదని ఆయన అభ్యంతరం. ఇంకో నరాల డాక్టర్ కూడా ఆయనతో పాటు తప్పుకున్నాడు. 2007లో వాషింగ్టన్‌లో ఒక సదస్సు దగ్గర విల్మ్స్‌హర్స్ట్ ఈ మాటలు ఒక వైద్య వార్తా సంస్థతో అన్నాడు. ఎన్‌ఎంటీ ఆయన మీద పరువునష్టం మొఖద్దమా వేసింది. కంపెనీ అమెరికాది, మాట అన్నది అమెరికాలో, దావా వేసింది మాత్రం ఇంగ్లండ్ అదాలత్‌లో. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో తాను అన్నది సరైనదేనని రుజువు చేసుకునే బరువంతా అన్నవాడి మీదే పడేది. వకీళ్ల ఖర్చు ఇల్లూ వాకిలీ అమ్ముకునేంత ఉండేది.

ఆయన మాఫీ అడగలేదు. మొఖద్దమా ఏళ్ల తరబడి నడిచింది. మిస్ట్ వ్యాసం 2008లో 'సర్క్యులేషన్' పత్రికలో వచ్చింది. 2009లో అదే పత్రిక దానికి పొడవైన సవరణ, అదనపు లెక్కలు వేయాల్సి వచ్చింది. 2011లో ఎన్‌ఎంటీ మూతపడింది, దానితోపాటు మొఖద్దమా కూడా. ఇంగ్లండ్‌లో పరువునష్టం చట్టం మార్చాలని నడిచిన ఉద్యమంలో ఆయన కేసు ముందు వరసలో నిలిచింది. 2013లో వచ్చిన కొత్త చట్టంలో శాస్త్ర పత్రికల్లో నిపుణుల పరిశీలనతో వచ్చే రాతలకు ప్రత్యేకంగా రక్షణ పెట్టారు. గుండెలో సన్న సందు మీద మొదలైన బహస్ ఒక దేశపు చట్టం దాకా పోయింది.

పరికరం సరిగా మూయలేదు కాబట్టే మిస్ట్ ఓడిందా? ఈ షక్ న్యాయమైనదే. అందుకే వేరే పరికరంతో మళ్లీ చూశారు. 2016లో వచ్చిన ప్రిమా పరీక్షలో 107 మంది ఆరా రోగులు. మూసినవాళ్లకు నెలకు 2.9 రోజులు తలనొప్పి తగ్గింది, మందులే వాడినవాళ్లకు 1.7 రోజులు. గణాంకాల తరాజులో అది గట్టి ఫరఖ్‌గా తూగలేదు. 2017లో ప్రీమియం పరీక్షలో 230 మంది. నొప్పి సగానికి తగ్గినవాళ్లు మూసిన గుంపులో 38.5 శాతం, నఖ్లీ గుంపులో 32 శాతం. ఇక్కడా అసలు లక్ష్యం నెరవేరలేదు. అయితే ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా చెప్పాలి. ప్రీమియంలో ఏడాది పాటు మైగ్రేన్ పూర్తిగా మాయమైనవాళ్లు మూసిన గుంపులో 10 మంది, రెండో గుంపులో ఒక్కరు. ఆరా తరచూ వచ్చే కొందరికి మేలు ఉండొచ్చన్న ఉమీద్ అక్కడ మిగిలి ఉంది. ఆ కొందరు ఎవరో ముందే గుర్తుపట్టే దారి ఈ పరీక్షలు ఇవ్వలేదు.

రిష్తా నిజమైతే మూసినా ఎందుకు పోదు అని మీరు అడగొచ్చు. ఆలోచిస్తే జవాబులు చాలా ఉన్నాయి. ఆరాను లేపే కారణాలు పది ఉంటే దర్వాజా వాటిలో ఒకటి కావచ్చు. నిద్ర చాలకపోవడం, ఉపవాసం, నెలసరి, ఎండ, ఆందోళన కూడా లేపుతాయి. లేదంటే రెండూ ఒకే ఖాన్‌దానీ లక్షణంగా పక్కపక్కన వస్తుండొచ్చు. ఈ రెండూ కుటుంబాల్లో కలిసి దిగుతాయని 2004లో విల్మ్స్‌హర్స్ట్ బృందమే చూపింది. ఆస్పత్రికి వచ్చినవాళ్లలో కనపడే రిష్తా బయట లోకంలో పల్చబడిపోవచ్చు కూడా. 2008లో న్యూయార్క్ నగరం ఉత్తర మాన్‌హాటన్‌లో వెయ్యికి పైగా పెద్ద వయసు మామూలు జనాన్ని పరీక్షిస్తే మైగ్రేన్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ దర్వాజాలో ఫరఖ్ కనపడలేదు. రెండు మనుషులు ఎప్పుడూ కలిసి కనపడితే ఒకరు ఇంకొకరికి తండ్రి అయిపోరు. అన్నదమ్ములు కావచ్చు, షఖీఖ్‌లు కావచ్చు, ఒకే బస్సు ఎక్కేవాళ్లూ కావచ్చు.

మా ఖాలా కూతురికి ఈ నంబర్లే చదివి వినిపించాను. నిర్ణయం తనది. ఆమె ఇంకో నరాల డాక్టర్ దగ్గరకు వెళ్లింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న గుండె గురించి కాదు. "అమ్మా, నెలసరి కోసం ఏమైనా మాత్రలు వాడుతున్నారా?" అని. వాడుతోంది. ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు. అంతకుముందు దవాఖానాలో ఆ సవాల్ ఎవరూ వేయలేదట. ఆయన అవి ఆపించి, దాడులు రాకుండా వాడే మందు మొదలుపెట్టి, తలనొప్పి డైరీ రాయమన్నాడు. ఇప్పుడు నెలకు ఆరేడు సార్లు వచ్చేది రెండుసార్లకు దిగింది. దర్వాజా అలాగే ఉంది.

ఆ ప్రశ్న వెనక గట్టి కారణం ఉంది. ఆరాతో మైగ్రేన్ ఉన్నవాళ్లకు మెదడులో గడ్డకట్టి వచ్చే ఫాలిజ్ ముప్పు మిగతావాళ్లకంటే సుమారు రెండింతలు. వయసులో ఉన్నవాళ్లలో ఆ ముప్పే చాలా తక్కువ కాబట్టి రెండింతలైనా చిన్నదే. కానీ ఈస్ట్రోజన్ మాత్రలు, పొగ తాగడం తోడైతే పెరుగుతుంది. అందుకే ఆరా ఉన్న స్త్రీలకు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గుండె దర్వాజా మూయడానికి సబూత్ ఉన్న చోటు కూడా వేరే ఉంది. అరవై ఏళ్ల లోపు వాళ్లకు ఫాలిజ్ వచ్చి, వెతికినా వేరే కారణం దొరకనప్పుడు, మూయడం వల్ల మళ్లీ రాకుండా ఆపవచ్చని 2017లో ఒకేసారి మూడు పెద్ద పరీక్షలు చూపించాయి. అమెరికాలో ఈ పరికరానికి 2016లో ఇజాజత్ వచ్చింది కూడా ఫాలిజ్ కోసమే, తలనొప్పి కోసం కాదు. ఇంకో మాట. జీవితంలో మొదటిసారి చూపు పోయినా, చేయి తిమ్మిరెక్కినా, మాట తడబడినా అది ఆరా అని ఇంట్లోనే తేల్చుకోకండి. వెంటనే దవాఖానాకు వెళ్లండి. ఫాలిజ్ కూడా అదే వేషంలో వస్తుంది.

ఇబ్నె నఫీస్ 1288లో చనిపోతూ తన ఇల్లు, కితాబులు కైరోలోని మన్సూరీ దవాఖానాకు రాసిచ్చాడు. అతను రాసిన సత్యం ఏడు వందల ఏళ్లు ఎవరూ తెరవని పేజీల్లో ఉండిపోయింది. మిస్ట్ లెక్కలకు ఆ గతి పట్టలేదు. అవి అచ్చులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. మీ అక్కకో, ఆపాకో, బిడ్డకో ఎవరైనా "గుండెలో సూరాఖ్ ఉంది, మూసేస్తే ఆధాసీసీ పోతుంది" అని చెబితే కోపం వద్దు, గొడవా వద్దు. మూసిన 74 మందిలో ముగ్గురు, మూయని 73 మందిలో ముగ్గురు అన్న లెక్క వాళ్ల ముందు పెట్టి, మా మనిషి విషయంలో ఇది ఎందుకు వేరేగా ఉంటుందో చెప్పండి అని అదబ్‌గా అడగండి. మంచి డాక్టరైతే కూర్చోబెట్టి జవాబిస్తాడు.